శ్రీకాకుళం తీరంలో నేల ఎలా మారుతోంది, మనం ఎలా కనిపెట్టాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కవిటి వైపు. కొన్నేళ్లుగా తీరిక దొరికితే చాలు, ఉపగ్రహ ఫొటోలు ముందేసుకుని మన తీరం ఏమవుతోందో చూసుకోవడం నాకో పిచ్చి. ఈ సంగతి నలుగురికీ తెలిసిన దగ్గర్నుంచి బడి మాస్టార్లు, పక్షుల ఫొటోలు తీసే కుర్రాళ్లు, ఒకరిద్దరు సర్పంచులు, ఆఖరికి మా ఇంట్లోవాళ్లు కూడా అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక అయిపోయి అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా. నేను సైంటిస్టుని కాదు. చదివింది, చేసి చూసింది, తప్పు చేసి నేర్చుకుంది, అంతే.

భూ ఆచ్ఛాదన అంటే ఏంటండీ? పేరే నోరు తిరగట్లేదు.

నాకూ తిరగదు. అది పుస్తకాల మాట. నేల మీద పైకి ఏం కనపడుతోందనేదే దాని అర్థం: నీళ్లా, ఇసుకా, గడ్డా, చెట్లా, సిమెంటా. ఆ నేలని మనం దేనికి వాడుతున్నామన్నది భూ వినియోగం, దాని లెక్క వేరు. నౌపడ ఉప్పుమడి, రొయ్యల చెరువు, అక్టోబరు వానలకి నిండిన తంపర (సగం ఏడాది మునిగి ఉండే పల్లపు నేల), పైనుంచి చూస్తే మూడూ నీళ్లే. వాడకం చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే లేదు. ఉపగ్రహానికి మొదటిదే తెలుస్తుంది. రెండోది తెలియాలంటే చెప్పులేసుకుని ఊళ్లోకి వెళ్లాల్సిందే.

ఇంత చిన్న జిల్లాలో చూడ్డానికి ఏముంది?

ఆంధ్రాలో అన్ని జిల్లాల కంటే పొడవైన తీరం మనదే, సుమారు 193 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం దాటాక బాహుదా, బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార, శ్రీకాకుళం దాటాక నాగావళి, ఇన్ని నదులు ఇంత దగ్గర దగ్గరగా వచ్చి సముద్రంలో కలుస్తాయి, ఒక్కో మొగ దగ్గర ఇసుక దిబ్బ ఈ ఏడాది ఉన్నచోట వచ్చే ఏడాది ఉండదు. మధ్యలో ఉద్దానం కొబ్బరి, జీడి, పనస. సోంపేటలో బీల అనే చిత్తడి నేల. టెక్కలి, సంతబొమ్మాళి వైపు తంపర. భావనపాడు వైపు ఉప్పుటేరు, దాని గట్టున అక్కడక్కడా మిగిలిన మడ చెట్లు. విజయనగరానికి తీరం తక్కువే, భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో ముప్పై కిలోమీటర్ల లోపు. కానీ భోగాపురంలో విమానాశ్రయం వస్తోంది కాబట్టి అక్కడ 'ముందు ఎలా ఉండేది' అన్న ఫొటోలు దాచుకోవాల్సింది ఇప్పుడే.

మా పొలం, మా చెరువు ఉపగ్రహం ఫొటోలో కనపడతాయా?

సెంట్లలో చెప్తా, మీటర్లలో చెప్తే ఎవరికీ ఎక్కట్లేదు. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఫొటోలో ఒక్క గడి 30 మీటర్లు బై 30 మీటర్లు, అంటే దాదాపు 22 సెంట్లు. ఎకరానికి నాలుగున్నర గళ్లు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 అయితే గడి 10 మీటర్లు, రెండున్నర సెంట్లు, ఎకరానికి 40 గళ్లు. మన ఇస్రో వాళ్ల లిస్-4 కెమెరాకి 5.8 మీటర్లు. ఎకరం చెరువు సెంటినెల్‌లో చక్కగా తెలుస్తుంది. అదే చెరువు ల్యాండ్‌శాట్‌లో గట్టూ నీళ్లూ పక్కనున్న కొబ్బరీ అన్నీ కలిసిపోయి ఏ రంగో చెప్పలేని గడిగా వస్తుంది. ఒంటరి కొబ్బరి చెట్టు ఏ ఉచిత ఫొటోలోనూ కనపడదు. గూగుల్ ఎర్త్‌లో మీ ఇంటి డాబా కనపడిందని సంబరపడకండి, ఆ బొమ్మలు ఎక్కువగా డబ్బులు పెట్టి కొనే ఉపగ్రహాలవి, మనకి కావాల్సిన నెలలో ఉండవు. గుర్తుపట్టడానికి అవి బాగుంటాయి, కొలవడానికి కాదు.

ఎన్నేళ్ల వెనక్కి చూడొచ్చు? డబ్బులు కట్టాలా?

పైసా కట్టక్కర్లేదు. ల్యాండ్‌శాట్ మొదటిది 1972లో ఎగిరింది, 30 మీటర్ల గడి ఉన్నవి 1980ల నుంచి ఉన్నాయి, 2008 నుంచి మొత్తం ఉచితం. సెంటినెల్-2 మొదటిది 2015లో, రెండోది 2017లో వెళ్లాయి, అప్పట్నుంచి జంటగా ఐదు రోజులకోసారి మన నెత్తి మీదుగా పోతాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వాళ్ల భువన్ వెబ్‌సైట్‌లో 2005-06, 2011-12, 2015-16 సంవత్సరాల భూ వినియోగ మ్యాపులు తయారుగా ఉన్నాయి, మొదలుపెట్టేవాళ్లు అక్కడ మొదలుపెట్టండి. తర్వాత మ్యాపులు గీసుకునే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఓపిక ఉంటే గూగుల్ ఎర్త్ ఇంజిన్. ఓపిక అన్నది ఊరికే అనలేదు, మొదటి నెల బుర్ర వేడెక్కిపోతుంది.

ఏ నెల ఫొటో తీసుకోవాలి?

అందరికంటే ముందు నన్ను అడగాల్సిన ప్రశ్న ఇదే, ఎందుకంటే నా మొదటి మ్యాపు ఇక్కడే బోల్తా పడింది. పాత ఫొటో ఫిబ్రవరిది దొరికింది, కొత్తది ఆగస్టుది దొరికింది. రెండూ పక్కన పెట్టి తేడా తీస్తే మా చుట్టుపక్కల ఊళ్లలో నీళ్లు నిలిచిన నేల ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగిపోయింది. రొయ్యల చెరువులు ఊళ్లని మింగేస్తున్నాయని ఆవేశంగా మా చిన్నాన్నకి చూపించా. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏట్రా, మన మడిలో చెరువు ఎప్పుడు తవ్వించినావు? నాకు చెప్పనేలేదే" అన్నాడు. ఆగస్టంటే ఉభాల (వరి నాట్ల) కాలం, మళ్లన్నీ నీళ్లతో ఉంటాయి. అంతే సంగతి.

అందుకని ఏ రెండేళ్లని పోల్చినా ఒకే నెల ఫొటోలు తీసుకోవాలి. మనకి జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం బాగుంటుంది. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే ఏడాదికి రెండు చూడటం, వానలు వెనకబడ్డాక ఒకటి, ఎండలు ముదిరాక ఒకటి. తంపర రెండింట్లోనూ వేర్వేరుగా ఉంటుంది, రొయ్యల చెరువు రెండింట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఆ తేడాయే మనకి ఆధారం.

వానాకాలం అంతా మబ్బులే కదా?

సెంటినెల్-1 రాడారు ఫొటోలు వాడండి. 2014 నుంచి ఉన్నాయి, మబ్బుల్లోంచి, చీకట్లో కూడా చూస్తుంది, నీళ్లు నల్లగా పడతాయి. చూడ్డానికి మాత్రం అందంగా ఉండవు.

పచ్చదనం పెరిగిందని మ్యాపులో వచ్చింది. మంచిదేగా?

ఈ మొత్తం రాయడానికి కారణమే ఈ ప్రశ్న. కాదు, మంచిదని అప్పుడే అనుకోకండి.

పచ్చదనం కొలవడానికి ఎక్కువగా వాడేది ఎన్‌డీవీఐ అనే లెక్క. ఆకు ఎర్ర వెలుతురుని పీల్చుకుంటుంది, కంటికి కనపడని పరారుణాన్ని వెనక్కి కొడుతుంది, ఈ రెండింటి తేడాని రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. ఆకు ఎంత ఉందో ఆ సంఖ్య చెప్తుంది. ఎవరి ఆకో చెప్పదు. తెల్ల మడ ఆకైనా, సర్కారు తుమ్మ ఆకైనా, సరుగుడు తోటైనా, రిసార్టు ముందు పరిచిన లాన్ అయినా దానికి ఒకటే.

మన తీరంలో ప్రాణులు ఎక్కువగా బతికే చోట్లు చూడండి: ఒట్టి ఇసుక, బురద, ఉప్పు నేల, సగం ఏడాది ఎండి సగం ఏడాది మునిగే తంపర. ఇవేవీ మ్యాపులో పచ్చగా కనపడవు. ఒట్టి ఇసుక మీద తాబేలు గుడ్లు పెడుతుంది, బురదలో ఉల్లంకి పిట్టలు పురుగులు ఏరుకుంటాయి. అక్కడ ఎవరో సరుగుడు నాటితేనో, వదిలేసిన చెరువులో సర్కారు తుమ్మ అల్లుకుపోతేనో మ్యాపు పచ్చబడుతుంది, రిపోర్టులో 'మెరుగుదల' అని పడుతుంది. పిట్టలు మాత్రం పోతాయి.

ప్రభుత్వ లెక్కల్లోనూ ఈ చిక్కుంది. దేశంలో అడవి విస్తీర్ణం లెక్కగట్టే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల నిర్వచనం ప్రకారం కనీసం హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు ఉండి, పదో వంతు కంటే ఎక్కువ నేలని చెట్ల కొమ్మలు కప్పితే అది అటవీ విస్తీర్ణమే, ఆ నేల ఎవరిదైనా, చెట్టు ఏదైనా. ఉద్దానం కొబ్బరి తోట కూడా అందులోకి వస్తుంది. ఇంకోపక్క దేశం బంజరు భూముల అట్లాసు తీస్తే అందులో తీరపు ఇసుక ఒక రకం బంజరు, నీళ్లు నిలిచే చిత్తడి నేల ఇంకో రకం బంజరు. అంటే కాగితం మీద మనం నాటిన తోట అడవి, దేవుడిచ్చిన తంపర బంజరు. నాకైతే నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఇంకో ఉదాహరణ మన కళ్ల ముందే జరిగింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి, జీడి తోటలు వేళ్లతో లేచిపోయాయి. నెల తర్వాత ఫొటోలో పచ్చదనం దబ్బున పడిపోయి కనపడుతుంది. తర్వాత చెట్ల నీడ లేని నేల మీద వానలకి గడ్డి, పిచ్చి మొక్కలు లేచాక పచ్చదనం సంఖ్య మళ్లీ పైకి ఎక్కింది. ఆ గీత ఒక్కటే చూసినవాడు ఉద్దానం కోలుకుందంటాడు. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకి రావడానికి ఐదారేళ్లు పడుతుందని మా అమ్మమ్మకి తెలుసు, ఉపగ్రహానికి తెలీదు.

అయితే సరుగుడు తోటలు వద్దంటారా? తుఫాన్లని ఆపేది అవేగా?

వద్దని నేను అనలేదు, ప్రతిసారీ ఇదే గొడవ. సరుగుడు చెట్టు గాలిని నెమ్మదింపజేస్తుంది, ఇసుక పొలాల మీదికి రాకుండా పట్టుకుంటుంది, రైతుకి కర్ర అమ్మితే డబ్బులొస్తాయి. కానీ అది మన తీరం చెట్టు కాదు, దాని ఎండు సూదులు మందంగా పరుచుకున్న చోట కింద ఇంకే మొక్కా సరిగ్గా లేవదు. ఉప్పెనని ఆపే పని ఇసుక దిబ్బది. ఆ దిబ్బని కట్టి ఉంచేది బాలబంద తీగ, రావణాసురుడి మీసాల గడ్డి, లోపలికి వచ్చాక మొగలి పొదలు. సముద్రపు ఒడ్డు దాకా ట్రాక్టరుతో దున్ని దిబ్బని చదును చేసి సరుగుడు నాటితే, గాలికి అడ్డు పెట్టి అలకి తలుపు తీసినట్టు. దిబ్బ వెనక నాటుకోండి, ముందు ఇసుకని వదిలేయండి. నా గోల ఇంతే.

తంపర, బీల అంటే పనికిరాని నేలలేగా?

ఆ మాట ఆ ఊళ్లలో అనకండి. సోంపేట బీల నీళ్లతో పొలాలు పండుతాయి, తంపరలో చేపలు పట్టుకుని బతికే కుటుంబాలున్నాయి, గేదెలు మేస్తాయి, తుంగ కోసుకుంటారు. ఈ నేలల్లో థర్మల్ కేంద్రాలు పెడతామన్నప్పుడు ఊళ్లకి ఊళ్లు అడ్డం నిలబడ్డాయి. 2010 జులై 14న సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. సోంపేట ప్రాజెక్టుకి ఇచ్చిన పర్యావరణ అనుమతిని కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. అది చిత్తడి నేలా, బంజరా అన్న దగ్గరే మొత్తం వాదన తిరిగింది. మ్యాపులో ఒక గడికి ఏ పేరు పెడతారన్నది అంత పెద్ద విషయం.

కొలిచేవాళ్లకి చిన్న సలహా. తంపరని ఒక్క ఫొటోతో గీయొద్దు. ఏడాదిలో ఎన్ని నెలలు నీళ్లున్నాయో గడి గడికీ లెక్కేయండి. ఆ నెలల సంఖ్య ఏటేటా తగ్గుతుంటే, గట్లు వేసి నీటి దారి మూసేశారా, పైన గెడ్డ (వాగు) మళ్లించారా అని వెళ్లి చూడాలి. విస్తీర్ణం తగ్గకముందే నెలలు తగ్గుతాయి. దేశపు చిత్తడి నేలల అట్లాసు 2011లో వచ్చింది కానీ అందులో 2.25 హెక్టార్ల కంటే చిన్నవి ఒట్టి చుక్కలే, కాబట్టి ఊరి గుంటల లెక్క మనమే రాసుకోవాలి.

రొయ్యల చెరువుని ఫొటోలో ఎలా పట్టుకోవాలి?

ఆకారం చూడండి. నిక్కచ్చి గీతలతో నలుచదరంగా, పక్కపక్కనే అతికించినట్టు, ఉప్పుటేటికో కాలవకో దగ్గరగా ఉంటాయి. స్పష్టమైన బొమ్మలో ఏరియేటర్ల (నీళ్లు చిలికే యంత్రాల) నురగ తెల్లగా తెలుస్తుంది. ఉప్పుమళ్లు ఇంకా చిన్న గళ్లు, లోతు ఉండదు, ఎండాకాలంలో ఉప్పు తేలి తెల్లగా మెరుస్తాయి. పంటకీ పంటకీ మధ్య చెరువు ఎండగడతారు, ఆ వారం ఫొటో పడితే మీకది ఖాళీ నేల. కనీసం నాలుగైదు తేదీలు చూసి నిర్ణయించండి.

వనామీ అనే రొయ్య రకానికి మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది, కాబట్టి దానికి ముందు ఒకటి, తర్వాత రెండు మూడు సంవత్సరాలు పెట్టుకుని పోలిస్తే కథ తెలుస్తుంది. తీరప్రాంత ఆక్వా అథారిటీ చట్టం 2005ది, చెరువులకి రిజిస్ట్రేషన్ ఉండాలి. చుట్టుపక్కల దాని ప్రభావం ఏంటంటే పక్క వరిమడిలోకి ఉప్పు ఊరడం, నుయ్యి నీళ్లు ఉప్పగా మారడం, చెరువు మురికినీళ్లు ఏట్లోకి వదిలితే అక్కడి చేపపిల్లలు పోవడం. పైకి కనపడనిది ఇంకోటుంది: చెరువు గట్లు పోటునీటి దారికి అడ్డం పడితే వెనకున్న మడ చెట్లు, ఉప్పు చిత్తడి నరక్కుండానే చస్తాయి. రొయ్యలు వేసిన రైతుని దొంగలా చూడటం నాకు ఇష్టం ఉండదు, మా చుట్టాల్లోనే ఉన్నారు, లాభం వచ్చిన ఏడాది పిల్ల పెళ్లి, వైరస్ తగిలిన ఏడాది అప్పు. కానీ వాళ్లే చెప్తారు, ఒకసారి ఉప్పెక్కిన నేల మళ్లీ వరికి తొందరగా రాదని.

తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయంటారు, నిజమేనా?

చిన్నప్పటి నుంచి నేనూ అదే విన్నా, బోర్డుల మీద కూడా చదివా. కాదు. అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దక్షిణాసియా పక్షులే, సైబీరియాలో ఇవి ఉండవు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి తొలకరితో వచ్చే నత్తగుల్ల కొంగలూ అంతే. ఉత్తరం నుంచి నిజంగా వేల కిలోమీటర్లు ఎగిరొచ్చేవి నౌపడ ఉప్పుమళ్లలో, బురదల్లో తిరిగే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు, కొన్ని రకాల బాతులు. అవి చిన్నవి కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోరు, టూరిస్టు బస్సు వాటికోసం ఆగదు.

సైబీరియా కాదంటే కొందరు చిన్నబోతారు గానీ, నాకు అదే ముఖ్యమైన సంగతి. మన పక్షులైతే వాటి తిండి, గూడు అంతా మన చేతుల్లో ఉన్నట్టే. ఊళ్లో గూడు చెట్లని జనం బాగానే కాపాడుకుంటున్నారు, తేలుకుంచి వాళ్లు పక్షులొస్తేనే వానలని నమ్ముతారు. కానీ పక్షి చెట్టుని తినదు కదా. నత్తగుల్ల కొంగకి పొలాల్లో, గుంటల్లో నత్తలు కావాలి, గూడబాతుకి చేపలు కావాలి, అవి రోజూ మైళ్ల దూరం పోయి తెచ్చుకుంటాయి. అందుకని ఊరి చుట్టూ ఒకటి, ఐదు, పది, ఇరవై కిలోమీటర్ల గీతలు గీసి, ఒక్కోదాంట్లో గూళ్ల కాలంలో నీళ్లున్న నేల ఎంతుందో ఏటా రాయండి, పక్కనే ఆ ఏడాది గూళ్ల లెక్క రాయండి. పదేళ్లు రాస్తే ఏది దేన్ని లాగుతోందో తెలుస్తుంది. ఒక్క ఏడాది చూసి పక్షులు తగ్గాయి, చెరువులే కారణం అని రాసేయకండి, ఆ ఏడాది వాన తగ్గి ఉండొచ్చు.

తాబేలు గూడు ఉపగ్రహంలో కనపడదు కదా. మరి తాబేళ్లకీ దీనికీ ఏం సంబంధం?

గూడు కనపడదు, గూడు పెట్టే చోటు కనపడుతుంది. ఒలివ్ రిడ్లే తాబేళ్లు సరిహద్దు దాటితే గంజాం జిల్లా రుషికుల్య దగ్గర వేలకి వేలు ఒకేసారి వస్తాయి. మన వైపు అలా గుంపుగా కాదు, ఎండాకాలం ముందు నెలల్లో ఒకటీ అరా, రాత్రిపూట. ఒక్కో గుంతలో నూరు, నూటఇరవై గుడ్లు, పొదగడానికి 45 నుంచి 60 రోజులు. ఇసుక బాగా వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. కాబట్టి ఒడ్డు మీద చెట్టు నీడ పడుతోందా, ఒట్టి ఇసుకా అన్నది పుట్టే పిల్ల ఆడో మగో తేల్చే విషయం.

పోటు గీత నుంచి లోపలికి నూరు మీటర్ల పట్టీ గీసి ఒట్టి ఇసుక ఎంత, తీగ ఎంత, తోట ఎంత, రాళ్ల కట్టు ఎంత, ఇళ్లు ఎంత అని విడగొట్టండి. రాళ్ల కట్టు ఉన్నచోట తాబేలు ఎక్కలేదు, కోతపడి నిలువుగా తెగిన గట్టు కూడా ఎక్కలేదు. దీనికి తోడు రాత్రి వెలుతురు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎటు వెలుగు ఉంటే అటు పోతుంది, మామూలుగా అది సముద్రం మీది ఆకాశం, ఇప్పుడు హైమాస్ట్ దీపం. రాత్రి వెలుతురు కొలిచే ఉపగ్రహ ఫొటోలు 2012 నుంచి ఉచితంగా ఉన్నాయి, గడి అర కిలోమీటరు, మోటుగా ఉంటుంది గానీ ఏ ఊరి ఒడ్డు ఏ ఏడాది వెలిగిందో తెలుస్తుంది.

చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చే తాబేళ్లది వేరే సంగతి. అవి ఎక్కువగా ట్రాలు వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవి, ఆ నింద నేల మీద వేయకూడదు.

తీరం కోతకి గురవుతోందో లేదో ఎలా తేల్చాలి?

కోత కొలవడం చూసినంత సులువు కాదు. ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకి, పొద్దున్న పదీ పదిన్నరకి వస్తుంది, కానీ ఆ వేళకి ఒకరోజు పోటు, ఇంకోరోజు ఆటు. ఒడ్డు 20 మీటర్లకి ఒక మీటరు చొప్పున వాలి ఉందనుకోండి, నీళ్లు ఒక్క మీటరు పెరిగితే నీటి గీత 20 మీటర్లు లోపలికి వచ్చేసినట్టు కనపడుతుంది. అది కోత కాదు, పోటు. అందుకే తడి ఇసుక గీతని కాకుండా తీగలు మొదలయ్యే గీతని పట్టుకోమంటా, అది రోజూ కదలదు.

జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా కొలిచి దేశ తీరంలో 33.6 శాతం కోతకి గురవుతోందని చెప్పింది. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. సముద్రంలోకి రాళ్ల గోడ కడితే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఆకలితో ఒడ్డు కోసుకుపోతుంది. మూలపేటలో పోర్టు పని 2023లో మొదలైంది కాబట్టి దానికి ఉత్తరాన ఉన్న ఊళ్లవాళ్లు ఇప్పటి నుంచే ఏటా ఒకే చోట నిలబడి ఫొటో తీసుకోండి. నదుల్లోంచి వచ్చే ఇసుక కూడా బ్యారేజీల దగ్గర, ఇసుక రీచుల్లో ఆగిపోతోంది, దాన్నీ లెక్కలో పెట్టుకోవాలి.

ఉద్దానంలో ఎలుగుబంట్లు ఊళ్లోకి వస్తున్నాయి. దానికీ ఇదే కారణమా?

కొంత. మన ఎలుగుబంటి కొండలకీ తీరపు తోటలకీ మధ్య తిరిగే జంతువు, జీడి పళ్లు, పనస, చెదపురుగులు దాని తిండి. కొండకీ తోటకీ మధ్య పొదలు పోయి క్వారీ, రోడ్డు, ఇళ్లు వస్తే దానికి దారి ఊరి మధ్యలోంచే. ఆ పొదల పట్టీలు ఎక్కడ తెగాయో మ్యాపులో కనపడతాయి. మిగతాది అటవీ శాఖ వాళ్లని అడగండి, నాకు ఎలుగులంటే భయం.

మ్యాపుని ఎంతవరకు నమ్మొచ్చు?

ఎవరు మ్యాపు చూపించినా ముందు 'తనిఖీ ఎన్ని చోట్ల చేశారు' అని అడగండి. 90 శాతం సరైన మ్యాపంటే గొప్పగానే ఉంటుంది. కానీ అలాంటివి రెండు పెట్టి తేడా తీస్తే, రెండింట్లోనూ సరిగ్గా ఉండే గళ్లు 90లో 90 శాతం, అంటే 81. నూటికి పందొమ్మిది గళ్లలో ఎక్కడో ఒకచోట తప్పుండొచ్చు. నిజంగా మారింది ఐదు శాతమే అయితే అది ఆ తప్పుల్లో మునిగిపోతుంది. కాబట్టి మారిందని వచ్చిన గళ్లలోంచి ఓ యాభై ఎంచుకుని బండి వేసుకుని వెళ్లి చూసి రావాలి. నేను వెళ్లిన ప్రతిసారీ కొన్ని తప్పులు దొరికాయి, ఒకసారి 'కొత్త చెరువు' అని నేను గీసింది ఒక కోళ్ల ఫారం నీలం రేకుల కప్పు.

నాకు కంప్యూటర్ రాదు. నేనేం చేయగలను?

నిజానికి మీకే ఎక్కువ పని. ఒక చోటు ఎంచుకోండి, లైట్‌హౌసో, గుడి మెట్టో, కదలనిది ఏదైనా. ప్రతి నెలా ఒకే రోజు, ఒకే దిక్కుకి ఫోనుతో ఫొటో తీయండి, లొకేషన్ ఆన్ చేసి. పిట్టలు తెలిస్తే ఈబర్డ్ యాప్‌లో పడేయండి. తెలియకపోయినా చేపల వేటకెళ్లే పెద్దవాళ్లని, ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్లని కూర్చోబెట్టి 'నీ చిన్నప్పుడు ఇక్కడ ఏముండేది' అని అడిగి రాసుకోండి. ఉపగ్రహ ఫొటోలకి ముందున్న కాలం వాళ్ల దగ్గరే ఉంది.

ఇదంతా ఎవరికి ఇవ్వాలి? చట్టం ఏమైనా ఉందా?

తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్, సీఆర్‌జెడ్ అంటారు, మొదట 1991లో, తర్వాత 2011, 2019లో వచ్చింది. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా దాని పరిధి. మడ అడవులు, ఇసుక దిబ్బలు, ఉప్పు చిత్తళ్లు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అందులో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న కోవలోకి వస్తాయి. అంటే మీ ఊరి ఒడ్డున దిబ్బ ఉందని తేదీ వేసిన ఫొటో ఉండటం చిన్న విషయం కాదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య కమిటీ, ఒక రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఎక్కడుందో అడగండి, బీరువా తాళం వెతకడానికే ఒక పూట పడుతుంది. దొరికాక మీ ఫొటోలు, లెక్కలు అందులో ఎక్కించమనండి.

డ్రోన్ ఎగరేసి పక్షుల గూళ్లు లెక్కపెట్టొచ్చా?

గూళ్ల కాలంలో వద్దు. పెద్ద పక్షులు బెదిరి ఒక్కసారిగా లేస్తే పిల్లలు కింద పడతాయి, గుడ్లు కాకులపాలు. అనుమతుల గొడవ ఎలాగూ ఉంది. కింద నుంచి బైనాక్యులర్స్‌తో, పొద్దున్నే, ఒకే చెట్టుని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత సరిచూసుకోండి. ఇద్దరి లెక్కా ఎప్పుడూ కలవదు, రెండూ రాయండి.